ఎంబిరా గిటారెక్కిన కథ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కాంక్రీటు గురించి మాట్లాడితే మీరు భోజనాలకు లేచిపోతారు. అందుకని ఉద్యోగరీత్యా మూడేళ్లున్న జింబాబ్వేలో విన్న పాటల గురించి చెబుతాను.

అక్కడి షోనా ప్రజల వాద్యం ఎంబిరా. చెక్కపలక మీద ఇరవైకి పైగా ఇనుప రేకులు బిగించి, రెండు బొటనవేళ్లతో, ఒక చూపుడువేలితో మీటుతారు. సొరబుర్రలో పెట్టి వాయిస్తే ధ్వని పెరుగుతుంది. దానికి కట్టిన సీసామూతలు జుమ్మంటుంటాయి. మొదటిసారి విన్నప్పుడు ఏదో మర వదులైందనుకున్నాను. ఇంజినీరు బుద్ధి! వాళ్లకు కావలసింది ఆ మోతే. 'బిరా' అనే జాగారంలో పెద్దల ఆత్మలను పిలవడానికి దీన్ని వాయిస్తారు. 'హోషో' అనే గిలకల దరువుకు తెల్లవార్లూ ఆడతారు. మిషనరీలు దీన్ని అన్యమత పూజ అని దూరం పెట్టారు.

థామస్ మప్ఫుమో అనే గాయకుడు మొదట్లో ఇంగ్లీషు రాక్ పాటలే పాడేవాడు. 1970లలో షోనా పాటకు మళ్లాడు. ఎంబిరా వరసలను ఆయన బృందంలోని వాళ్లు ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చారు. అరచేత్తో తీగలను కాస్త అదిమి మీటితే స్వరం సాగకుండా ఇనుపరేకు మోగినట్టు తెగుతుంది. ఎంత చిన్న ఉపాయమో చూడండి! గిలకల పని డ్రమ్ముల మీది తాళాలకు అప్పగించారు. అది స్వాతంత్ర్య యుద్ధకాలం. ఆ పాటలకు 'చిమురెంగా', అంటే పోరాటం, అని పేరొచ్చింది. 1979లో శ్వేత ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. 1980లో స్వాతంత్ర్యం వచ్చింది. తర్వాత అసలు ఎంబిరానే బ్యాండులోకి తెచ్చుకున్నాడు. 1989లో అవినీతి మీద పాట కడితే కొత్త పాలకులకూ రుచించలేదు. చివరికి అమెరికా చేరాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు డప్పు కళాకారుల ఇంటి పిల్లవాడు. వార్షికోత్సవంలో వాయిస్తానన్నాడు. అతిథులు వచ్చేటప్పుడు గేటు దగ్గర వాయించమన్నారు, స్టేజీ మీద వద్దన్నారు. నేను క్లాసు లీడర్ని. ఒక్క మాట అనలేదు. హరారేలో మొదటిసారి ఎంబిరా విన్న రాత్రి నాకు వాడే గుర్తొచ్చాడు.

కిందటి నెల ఫోన్ చేశాను. ఇప్పుడు మూడో వరుసలో ఉన్నాడు. సాయంత్రం ఈ స్టేజీ మీద మొదటి అంశం వాడిదే. డప్పు కాచుకోవడానికి వెనకాల గడ్డిమంట వేయించమన్నాడు. ఆ పని చూడాలి, సెలవు.