పెండ్లి ఫోటోగ్రాఫరులకు డైరెక్టరీ ప్రకటన గిట్టునా?
(కెంచార్లహళ్ళిలో మన సంఘ సభ్యుల సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



నేటి విషయము భాషను గూర్చినది కాదు, బడిని గూర్చినదియు కాదు. కావున సంఘమునకిందులో ఏమి పని యని కొందరు పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. మన యిండ్ల పిల్లలు కొందరు కెమెరా చేతబట్టి చింతామణి, బాగేపల్లి తాలూకాలలో పెండ్లిండ్లకు పోయి జీవనము సాగించుచున్నారు. వారికి ఫోను చేసి, “సంవత్సరమునకింత కట్టినచో మీ పేరు మా ఆన్‌లైన్ డైరెక్టరీలో అందరికన్న పైన నిలుపుదుము, పెండ్లివారే మిమ్ము వెదకికొని వత్తురు” అని చెప్పు ప్రతినిధులు ఎక్కువైనారు. కట్టవచ్చునా, కట్టరాదా యని ఆ పిల్లలు మమ్మడిగినారు. కెమెరాకై చేసిన అప్పింకను తీరలేదు. దానిపై మరియొక భారము నెత్తికెత్తుకొనవలెనా యన్నది వారి దిగులు. మేము విచారించి తెలిసికొన్నంతవరకు సమాధానము చెప్పుచున్నాము.

ఈ డైరెక్టరీ యన్నది క్రొత్త వస్తువేమియు కాదు. 1886లో అమెరికాలోని చికాగో నగరమున రూబెన్ డానెలీ యను నతడు వృత్తుల వారీగా విభజించిన పట్టికను అచ్చువేసినాడు. పసుపుపచ్చని పుటల పట్టికలకు మూలమదియే. మన దేశమున టెలిఫోను పుస్తకముతో పాటు అట్టి పసుపు పుటలు వచ్చుచుండుట మీలో చాలమందికి జ్ఞాపకముండును. పేరు మాత్రము వేసినందుకు డబ్బు లేదు, పెద్ద అక్షరములలో పెట్టె కట్టి వేయుటకు డబ్బు. 1996లో జస్ట్ డయల్ సంస్థ ఇదే పనిని ఫోనులో మాటగా చెప్పుటకు పూనుకొని, తరువాత ఇంటర్నెట్టులోనికి పోయినది. 2021లో రిలయన్సు రిటైలువారు దానిలో అధికభాగమును కొనిరి. పెండ్లి పనులకు మాత్రమే ఏర్పడిన వెడ్‌మీగుడ్ వంటివి 2014 ప్రాంతమున పుట్టినవి. పుస్తకము పోయి తెర వచ్చినది. పెద్ద అక్షరములకు బదులు పై వరుస వచ్చినది. బేరము మాత్రము పాతదే.

ఇందులో అమ్ముడగు సరకు ఏదో ముందుగా తెలిసికొనవలెను. పెండ్లి కాదు, పెండ్లి గూర్చిన విచారణ. దీనిని వారు ‘లీడు’ అందురు. పెండ్లివారెవరో తమ తేదీని, ఊరిని, ఫోను నంబరును ఇత్తురు. ఆ నంబరు మన పిల్లవానికి వచ్చును. పలుచోట్ల అదే నంబరు అదే నిమిషమున మరి నలుగురైదుగురికిని పోవును. అప్పుడు ఆ పెండ్లి పెద్దకు పది నిమిషములలో అయిదు ఫోనులు వచ్చును. ఆయన చేయగలిగినదేమి? అందరినీ ధర అడిగి, తక్కువ చెప్పినవానిని పట్టుకొనును. చిత్రము తీయు నేర్పును గూర్చి మాటలాడుటకు అక్కడ తావుండదు. అందరికిని ఒకటే లీడు అమ్మినవానికి లాభము. కొన్నవారు ఒకరి ధర నొకరు తగ్గించుకొనుచుందురు. ఈ పద్ధతి అన్ని సంస్థలలో ఒక్కటే యని మేమనము. అందుచేతనే డబ్బు కట్టుటకు ముందు “ఈ విచారణ నాకొక్కనికేనా, ఎందరికి?” అని అడిగి, జవాబును వ్రాతమూలకముగా తీసికొనవలెను.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి ఉన్నది. బట్టల అంగడివాడు ఒక రోజున నూరుగురికైనను అమ్మగలడు. ఫోటోగ్రాఫరు అమ్మునది తన తేదీని. మన పెండ్లిండ్లు ముహూర్తమును బట్టి జరుగును. ఆషాఢము, భాద్రపదము, పుష్యము గడచిపోవును. గురు శుక్ర మౌఢ్యములు వచ్చినచో మరికొన్ని వారములు పోవును. మాఘఫాల్గుణములలోను, వైశాఖములోను, శ్రావణములోను మంచి ముహూర్తములన్నియు గుంపుగా పడును. ఆ దినములలో చింతామణి ఛత్రములేమి, కైవారపు సన్నిధియేమి, ఖాళీ యుండదు. మన ప్రక్క ముందురాత్రి రిసెప్షను, తెల్లవారి ధారె. కాబట్టి ఒక పెండ్లికి రెండు దినములు పట్టును. ఒక్కడు ఒక ముహూర్తమున ఒక్క పెండ్లియే తీయగలడు. మంచి ముహూర్తమునకు డైరెక్టరీ ఇరువది లీడులు పంపినను, ఆ తేదీ అప్పటికే బంధువులలో ఎవరికో ఒప్పుకొని యున్నచో ఆ ఇరువదియు వ్యర్థమే. ఆషాఢమున అతడు చేతులు ముడుచుకొని కూర్చున్నప్పుడు డైరెక్టరీయు ఏమియు పంపజాలదు, పెండ్లిండ్లే లేవు గనుక. చందా మాత్రము పండ్రెండు నెలలకును కట్టవలసినదే.

ఇక లెక్క చూతము. ఈ అంకెలు ఉదాహరణకై మేము వేసికొన్నవి మాత్రమే. మీ మీ అంకెలు వేసికొని చూచుకొనుడు. సంవత్సరపు చందా 36,000 రూపాయలనుకొందము. దానిపై జి.ఎస్.టి. నూటికి 18 చొప్పున 6,480. మొత్తము 42,480. ఇరువది లక్షలకు లోపు రాబడి గల మన పిల్లలలో చాలమంది జి.ఎస్.టి.లో నమోదు కానివారు. కావున ఆ 6,480 తిరిగి జమ అగుటకు దారి లేదు. ఒక పెండ్లికి 40,000 ఒప్పుకొన్నాడనుకొందము. వీడియో తీయువానికి, సహాయకునికి, ఆల్బము అచ్చునకు, పెట్రోలుకు, కెమెరా అరుగుదలకు పోగా 12,000 మిగులుననుకొందము. 42,480ని 12,000తో భాగించిన మూడున్నర పైన వచ్చును. అనగా, డైరెక్టరీ లేకున్న రాకపోయెడి పెండ్లిండ్లు నాలుగు వచ్చిననే ఖర్చు గట్టెక్కును. అయిదవ దానినుండి లాభము.

‘లేకున్న రాకపోయెడి’ అను మాటను గట్టిగా పట్టుకొనవలెను. మేనమామ చెప్పగా వచ్చినవాడు కూడ ఫోను నంబరుకై తెరపై వెదకి, డైరెక్టరీ ద్వారానే పిలువవచ్చును. ఆ సంస్థ లెక్కలో అది వారు తెచ్చిన గిరాకి. నిజమునకది మేనమామ తెచ్చినది. పైగా పెండ్లివారు ధర తగ్గింపుమని పట్టినచో 40,000 కాస్త 34,000 అగును, ఖర్చు తగ్గదు, మిగులు సగమై 6,000 అగును. అప్పుడు నాలుగు చాలవు, ఎనిమిది పెండ్లిండ్లు కావలెను. ఒక కాలమున ఎన్ని ముహూర్తములుండును? వానిలో ఖాళీ తేదీలెన్ని?

మన ప్రాంతపు పెండ్లి పని ఎట్లు కుదురునో మీ కందరికిని తెలిసినదే. ఆల్బము ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోవును. ఆడబిడ్డ సీమంతమున దానిని నలుగురు తిరుగవేయుదురు. ఛత్రపు మేనేజరు, పురోహితులు, వంటవారు, వాద్యమువారు, పూలవారు ఒకరి నంబరు నొకరు ఇత్తురు. మరియొక విశేషము: మన వియ్యములలో చాల భాగము మదనపల్లె, హిందూపురము, కదిరి ప్రక్కన ఉన్నవి. డైరెక్టరీ రాష్ట్రమును బట్టి, పట్టణమును బట్టి పుటలు విడదీయును. మన బంధుత్వములు అట్లు విడిపోలేదు. చిక్కబళ్ళాపురము క్రింద కట్టిన చందా మదనపల్లెలో కూర్చుండి వెదకు పెండ్లికుమార్తె తండ్రికి కనబడునన్న నమ్మకమేమి? మన ఊరి పేరును ఇంగ్లీషు అక్షరములలో ఎన్ని విధముల వ్రాయుదురో చూచినారా! ఒక్క స్టూడియోయే రెండు మూడు వేర్వేరు ఊళ్ళలో ఉన్నట్లు కనబడుట కద్దు. డబ్బు కట్టని పిల్లలును ముందుగా దీనిని సరిచేసికొనవలెను.

ఈ ప్రకటన ఎవరికిని పనికిరాదని మేము చెప్పుట లేదు. బెంగుళూరు సంగతి వేరు. అక్కడ ఎక్కడెక్కడినుండియో వచ్చి కాపురమున్నవారికి పెండ్లి చేయవలసి వచ్చినచో పూలవాని నంబరిచ్చు మేనమామ ప్రక్కవీధిలో ఉండడు. వారు తెరనే నమ్ముకొందురు. నంది కొండల దాపున రిసార్టులలో పెండ్లి చేయువారును అంతే. పెండ్లి పూర్వపు చిత్రములు, నామకరణము, మొదటి పుట్టినరోజు వంటి పనులకు ముహూర్తపు ఇరుకు తక్కువ. చింతామణికి డెబ్బది కిలోమీటర్ల వరకు దూరమున్న ఆ నగరమునకు పోయి పని చేయ సిద్ధపడినవాడు, చూపుటకు తగిన చిత్రములు కలవాడు, విచారణ వచ్చిన అయిదు నిమిషములలో మర్యాదగా బదులు చెప్పగలవాడు, ఒక కాలమునకు ప్రయత్నించి చూడవచ్చును. పెండ్లిలో కెమెరా పట్టుకొని యుండగా ఫోను ఎత్తలేనివాడు ఇంటిలో నొకరిని అందుకై నియమించుకొననిచో, కొన్న లీడు పొరుగువాని పాలగును. ఊరు విడిచి పోషకుని వెదకికొనుట ఈ వృత్తికి క్రొత్త కాదు. రాజా దీన్‌దయాళ్ అంతటివాడు ఇందూరు నుండి వచ్చి సికిందరాబాదులో స్టూడియో పెట్టి, నిజాము ఆదరమును సంపాదించినవాడే.

ఉచితముగా దొరకునది పూర్తిగా వాడుకొనక ముందే డబ్బు కట్టుట మాత్రము తెలివి కాదు. చాల డైరెక్టరీలలో పేరు నమోదు ఉచితము. గూగులువారి బిజినెస్ ప్రొఫైలు ఉచితము. దానిలో స్టూడియో స్థలము, వేళలు, చిత్రములు పెట్టిన పటములో కనబడును. వాట్సాప్ బిజినెసులో ధరల పట్టిక పెట్టుకొనవచ్చును. స్టూడియో పేరును కన్నడములోను, తెలుగులోను, ఇంగ్లీషులోను ఒకే తీరున వ్రాయవలెను. పెండ్లి అయిన పదునైదు దినములలో, ఆల్బము చేతికిచ్చునప్పుడు, ఇంటివారిని రెండు మాటలు అభిప్రాయము వ్రాయుడని కోరవచ్చును. తెలుగులో వ్రాసినను సరే. అభిప్రాయములను డబ్బిచ్చి వ్రాయించుట మాత్రము కూడదు. 2022లో భారతీయ ప్రమాణముల సంస్థ ఆన్‌లైన్ అభిప్రాయములకు ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించినది. నిర్బంధము కాకపోయినను దాని ఉద్దేశము స్పష్టమే. అన్నిటికిని మించి, ఇది చిన్న ఊరు. ఎవరింట పెండ్లి అయినదో, కాలేదో అందరికిని తెలియును.

ఇక ఒప్పందపు సంగతి. మా ఎరుకలోని ఒక పిల్లవాడు మూడు నెలలకు మాత్రమే కట్టుచున్నాననుకొని బ్యాంకు ఆదేశపత్రముపై సంతకము చేసినాడు. నాలుగవ నెలలోను డబ్బు పోయినది. చదివి చూడగా సంవత్సరమునకని అందులోనే ఉన్నది. ప్రతినిధి కన్నడములో మంచిగా మాటలాడినాడు. కాగితము ఇంగ్లీషులో ఉన్నది. నోటి మాటకును కాగితమునకును భేదమున్నచో నిలుచునది కాగితమే. కాలావధి ఎంత, తనంతట తానే కొనసాగునా, మధ్యలో మానుకొన్న ఏమి తిరిగి వచ్చును, లీడులెన్ని, అవి ఏ ఊరివి, తప్పు నంబరు వచ్చిన బదులిత్తురా యను ప్రశ్నలకు ఈ-మెయిలులో జవాబు రానిదే సంతకము చేయరాదు. నెలనెలా డబ్బు తీసికొను ఆదేశమును బ్యాంకునకు పోయి రద్దుచేయించుకొనవచ్చును. ఒప్పందపు బాకీ సంగతి దానికి వేరుగా చూచుకొనవలెను. విసుగు పుట్టించు వ్యాపారపు ఫోనులను 1909 నంబరున నమోదు చేసికొని ఆపించుకొనవచ్చును.

మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. కెంచార్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి చుట్టుప్రక్కల పెండ్లిండ్లనే నమ్ముకొన్నవానికి సంవత్సరపు చందా గిట్టదు. బెంగుళూరు పనికి పూనుకొన్నవాడు మూడు నెలల కాలావధితో, మాఘమునకు ముందుగా, నాలుగు పెండ్లిండ్ల లెక్కను ఎదుట పెట్టుకొని చూడవచ్చును. ఏ దారి పట్టినను, వచ్చిన ప్రతివానిని “మా పేరు మీకెవరు చెప్పినారు?” అని అడిగి తేదీతో సహా ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను.

ఇదివరకే కట్టినవారు తమ ఒప్పందపు కాగితములను, బ్యాంకు పాసుపుస్తకమును తెచ్చినచో సభ ముగిసిన తరువాత వెనుక గదిలో కూర్చుండి చదివి చెప్పుటకు ఇంగ్లీషు తెలిసిన మన సభ్యులిద్దరు ఒప్పుకొన్నారు. ఈ దినము తేలేనివారు వచ్చే వారము తేవచ్చును.