ఐస్ హౌస్‌లో వేలం నాడు



మా తనకల్లు సంఘములో ప్రార్థనా మందిరము గోడలు లేచి, పైకప్పు లేక రెండేండ్లుగా నిలిచిపోయింది. స్థలము పట్టా ఎవరి పేరున ఉండాలన్న దగ్గర మాట పెరిగింది. రెండు కుటుంబాలు ఆరాధనకు రావడమే మానుకున్నాయి. దాచుకోను, ఆ రోజు నేనూ గొంతు పెంచాను.

ఆ భారముతోనే ఒక పని మీద చెన్నపట్నం వెళ్లి, మెరీనా తీరమున ఉన్న ఐస్ హౌస్ చూశాను. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి 1842లో మంచుగడ్డలు నిలువ చేయడానికి కట్టించిన ఇల్లు అది. అక్కడి చెరువులలో కోసిన మంచు, రంపపు పొట్టులో చుట్టబడి, నెలల తరబడి ఓడలలో వచ్చేది. అదంతా దొరల గ్లాసుల కోసమే! యంత్రాలతో ఇక్కడే మంచు తయారయ్యాక ఆ వ్యాపారము కరిగిపోయింది. తరువాత బిళిగిరి అయ్యంగారు అనే న్యాయవాది దానిని కొని నివాసముగా మార్చుకున్నారు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద అక్కడే బస చేశారు. ఆ ఏడే రామకృష్ణానంద స్వామి వచ్చి, అందులో మఠము ప్రారంభించారు.

పాస్టరుగారు మఠము సంగతి చెబుతున్నారేమిటని అనుకోవద్దు. మన విశ్వాసము వేరు. అయినా ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చూపించింది సమరయుణ్ణే కదా.

అయ్యంగారు చనిపోయాక 1906లో ఆ ఇల్లు వేలానికి వచ్చింది. పాట సాగుతుండగా ఆ స్వామి ఆవరణలో ఒక విరిగిన బల్ల మీద కూర్చున్నారట. ఎవరో వచ్చి పాట ఎంతదాకా వెళ్లిందో చెబుతుంటే, ఎవరు కొంటే నాకేమి, పూజకు చిన్న గది చాలు, నేనెక్కడైనా ఉండగలను అన్నారట. ఇల్లు పోయింది. మఠము మాత్రము నిలిచి, 1907లో మైలాపూరు చేరింది. ఐస్ హౌస్ కొన్నేండ్లకు, సిస్టర్ సుబ్బలక్ష్మి చేతుల మీదుగా, బాలవితంతువులకు ఆశ్రయమయ్యింది.

పట్టా వద్దని నేననడం లేదు. మక్పేలా పొలమును అబ్రాహాము నాలుగు వందల తులముల వెండి తూచి, హేతు కుమారుల ఎదుటనే కొన్నాడు. అయితే దేశమంతా వాగ్దానము పొందినవాడు కొన్నది భార్యను పాతిపెట్టడానికి చోటు మాత్రమే! మిగిలిన కాలమంతా గుడారములలోనే గడిపాడు. ఇక్కడ మనకు నిలువరమైన పట్టణము లేదని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయములో చదివి, ఎన్నిసార్లు ప్రసంగించానో! ఆ విరిగిన బల్ల గురించి విన్నప్పుడు నాకు సిగ్గేసింది.

వచ్చే ఆదివారమునకు ముందే ఆ రెండు ఇండ్లకు నేనే వెళ్తాను. ఆరాధన ఆ గోడల పక్కన, వేపచెట్టు కిందనే జరుగుతుంది. చాపలు మేము తెస్తాము.