పాత అచ్చుపుస్తకము – ప్రజల సొత్తు

తెలుగు పుస్తకము తొలిసారిగా అచ్చయినది తెలుగునాట కాదు. మద్రాసులో మతప్రచారము చేసి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ అను పాదరీ 1746, 1747 సంవత్సరములలో జర్మనీ దేశపు హాలే పట్టణమున కొన్ని చిన్న క్రైస్తవ గ్రంథములను తెలుగున ముద్రింపజేసినాడు. 1814లో శ్రీరాంపురమున విలియం కేరీ వ్యాకరణము, 1816లో మద్రాసున కాంబెలు వ్యాకరణము వెలువడినవి. 1829లో బ్రౌను దొర వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించినాడు. 1854లో మద్రాసున వావిళ్లవారి ముద్రాక్షరశాల వెలసినది. తాటాకులపై కొలదిమందికే పరిమితమైన విద్య ఈ విధముగా క్రమక్రమముగా సామాన్యుని ముంగిటికి వచ్చినది.

అట్లు వచ్చిన పుస్తకమే మరల సామాన్యునికి దూరమైనది. పాత గ్రంథములను గూర్చి మేము ప్రసంగములు ప్రసారము చేసినప్పుడెల్ల, "ఆ పుస్తకము మాకెక్కడ దొరకును?" అని శ్రోతలు అడుగుచుందురు. తొలినాటి ప్రతులు కొన్ని లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఉన్నవి. కొన్నింటిని రాజమహేంద్రవరము, వేటపాలెము వంటి ఊళ్ల గ్రంథాలయములు కాపాడుకొనుచు వచ్చినవి. మరికొన్ని ఎవరి ఇంటి అటకపైననో చెదలకు ఆహారమగుచున్నవి.

వీనికి చెదలే కాదు, కాగితము కూడ శత్రువే. గుడ్డపీలికలతో చేసిన పాతకాలపు కాగితము శతాబ్దముల తరబడి నిలుచును. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి నుండి కొయ్యగుజ్జుతో చేసిన చవుక కాగితము వాడుకలోనికి వచ్చినది. కాలము గడచిన కొలది అందులో ఆమ్లము పెరిగి, కాగితము పసుపుబారి, పెళుసెక్కి, మడత పెట్టిన చోటనే విరిగిపోవును. కనుక 1746 నాటి పుస్తకము కంటె 1900 నాటి పుస్తకమునకే ఆయువు తక్కువ కావచ్చును. మన పితామహులు చదివిన పుస్తకములే మన కన్నులయెదుట పొడియగుచున్నవన్న మాట.

ఈ ఆపదకు విరుగుడు లేకపోలేదు. పుటపుటకును చిత్రము తీసి డిజిటల్ ప్రతిగా నిలుపవచ్చును. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి గారు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఉండి, పది లక్షల పుస్తకములను ఇట్లు చిత్రించు పథకమునకు పూనుకొన్నారు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానికి తోడుగా బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ చేరగా, మన దేశమున భారతీయ డిజిటల్ గ్రంథాలయము వెలసినది. వేలకొలది తెలుగు గ్రంథములు అందు చేరినవి. తరువాత ఆ మూలస్థానము పాఠకులకు అందకపోయినను, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవు అను ఉచిత భాండాగారమున నిలిచినవి. ఒకేచోట దాచిన దానికంటె పదిచోట్ల పంచినదే బ్రతుకునని ఇందువలన తేటపడుచున్నది.

అయితే చిత్రము తీసినంతమాత్రమున పని ముగియదు. ఆ ప్రతులలో అనేకముల పేర్లు ఇంగ్లీషు లిపిలో, తప్పులతో నమోదైనవి. పేరు తప్పినచో పుస్తకము ఉండియు లేనట్లే. బండిరాతోను, అరసున్నలతోను, పదముల నడుమ ఎడము లేక కూర్చిన పాత పుటను యంత్రము సరిగా చదువలేదు. మనుష్యుడు చదివి దిద్దవలెను. చికాగో విశ్వవిద్యాలయమువారు బ్రౌణ్య నిఘంటువు యొక్క 1903 నాటి ముద్రణమును అక్షరరూపమున ఇంటర్నెట్టులో ఉంచగా, ఒక్క మాట అడిగిన వెంటనే అర్థము కనబడుచున్నది. తెలుగు వికీసోర్సులో ఎందరో స్వచ్ఛందముగా పాత పుటలను దిద్దుచున్నారు.

ఉచితముగ ఇచ్చినచో రచయితకు అన్యాయము కాదా అని కొందరు సందేహింతురు. ఈ సందేహము న్యాయమైనదే. దానికి చట్టమే సమాధానము చెప్పుచున్నది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము, తరువాతి సవరణతో, రచయిత మరణించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు అతని వారసులకు హక్కునిచ్చుచున్నది. ఆ పిమ్మట రచన ప్రజలది. 1919లో దివంగతులైన వీరేశలింగము పంతులుగారి గ్రంథములపై నేడు ఎవరికిని అట్టి హక్కు లేదు. అట్టి గ్రంథమునకు చిత్రము తీసి, దానికి మరల తాళము వేయుట ఉచితము కాదు. చిత్రము తీసినవారి శ్రమకు గౌరవము, వేతనము దక్కవలెను. చదువరికి తలుపు మూయరాదు. ప్రభుత్వధనముతో జరిగిన పని విషయమున ఇది మరింత నిజము.

మన ఇండ్లలోను ఈ సంపద ఉండవచ్చును. అట్టలూడిన పంచాంగము, పేరు చిరిగిన శతకము, తాతగారు చదివిన వాచకము – వీనిలో ఏదియు పాతకాగితముల వానికి తూకమున వేయదగినది కాదు. ముద్రణ సంవత్సరము చూచి, దగ్గరలోని గ్రంథాలయమువారికి చూపుడు. వారు చిత్రము తీసికొని పుస్తకమును మనకే మరల ఇచ్చుటకును వీలున్నది. ఆ ఒక్క ప్రతియే లోకమున మిగిలినది కావచ్చును.