పఠనదోషము – గృహభాండార రక్షణము
(ప్రసంగ పాఠము)



1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు భిలాయిలో తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ తొలి దశకమున ఇచటికి వచ్చిన మన పెద్దల ఛాయాచిత్రములు, ఉత్తరములు, పిదపటి ఉగాది నాటకముల ధ్వనిముద్రణములు నేడు కొందరి యిండ్లలో చిన్న సర్వరులయందు నిలిచియున్నవి. మూలప్రతులు కొన్ని చెదలపాలయ్యెను. కావున ఆ పెట్టెలోని హార్డు డిస్కు ఒక భాగమును చదువజాలనని తెలిపినచో గృహస్థుని గుండె ఝల్లుమనుట సహజము. అప్పుడేమి చేయవలెనో విన్నవించుటయే నా యుద్దేశము.

1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన తొలి డిస్కు యంత్రమునందు 24 అంగుళముల పళ్లెములు 50 ఉండియు, అవి దాచినవి సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి డిస్కు అంతకు లక్షల రెట్లు దాచుచున్నది. విస్తారము పెరిగినకొలది దోషమునకు తావు పెరుగును. సామాన్యమైన డిస్కులకు తయారీదారులు పేర్కొను హద్దు కోటి కోట్ల బిట్లకు ఒక్క దోషము; అనగా ఇంచుమించు 12.5 టెరాబైట్లకు ఒకటి.

దోషము కనబడినంతనే చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు. వేరొకచోట ప్రతి లేనివానిని వెంటనే నకలు తీసికొనుట. డిస్కు టకటక శబ్దము చేయుచున్నచో దానిని ఆపివేసి, నిపుణుల కప్పగించుట మేలు.

పిమ్మట కారణాన్వేషణము. డిస్కు తన ఆరోగ్యమును తానే ‘స్మార్ట్’ అను పట్టికలో వ్రాసికొనును. అందు 199వ పద్దు పెరుగుచున్నచో ముందుగా కేబులును అనుమానింపవలెను. కేబులు మార్చిన తరువాత పాత అంకె తగ్గదు; పెరుగుట ఆగినచో చాలును. 197వ పద్దు చదువుటకు లొంగక వేచియున్న సెక్టార్లను, 5వ పద్దు ఇదివరకే మార్చబడిన సెక్టార్లను తెలుపును. ఈ రెండును దినదినము పెరుగుచున్నచో ఆ డిస్కును నమ్మరాదు, మార్చివేయవలెను.

‘రెయిడ్ కలదు గదా, భయమేల?’ అని కొందరందురు. రెయిడ్ 5 పద్ధతిలో ఒక డిస్కు పోయినను సమాచారము నిలుచును, నిజమే. కాని క్రొత్తదానిని నింపుటకు మిగిలిన డిస్కులన్నిటిని మొదటినుండి తుదివరకు చదువవలెను. అంతవరకు ఎవ్వరును తెరువని ఫైలులో నణగియున్న దోషము ఆనాడే బయటపడును. అప్పుడు దానిని సరిదిద్దుటకు ఆధారముండదు. మన కర్మాగారమున పట్టాలలోని దోషమును రైలు నడువకముందే అతిధ్వని తరంగములతో పరీక్షించుట మీరెరిగినదే. డిస్కులకును అట్టి పరీక్ష కలదు. దానిని ‘స్క్రబ్’ అందురు. నెలకొకమారు దానిని నడిపినచో, డిస్కులన్నియు పనిచేయుచుండగనే చెడిన భాగమును తక్కినవాని సాయముతో తిరిగి వ్రాయవచ్చును.

అయినను రెయిడ్ నకలు కాదు. పొరపాటున చెరిపిన ఫైలును అది తిరిగి తేజాలదు. పిడుగుపాటునకు పెట్టె యంతయు పోవచ్చును. కావున ఒక ప్రతిని వేరొక డిస్కులో నింటను, ఇంకొక ప్రతిని ఆంధ్రదేశమందలి బంధువుల యింటను ఉంచుడు. ఏటికొకమారు దానిని తెరచి చూడుడు. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరెరుగుదురు?

డిస్కును అంగడిలో మరల కొనవచ్చును. తాతగారి కంఠస్వరమును కొనజాలము. సెలవు.