విదేశ సహాయము - మన ఊరి బోరింగు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



ఆరోగ్యమునకు వచ్చిన విదేశ సహాయమనగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట గ్రామములలో మొదట చూపదగినది ఆసుపత్రి కాదు, బోరింగు. 1960వ దశాబ్దము చివర కరవు కాలమున రాతిని తొలుచు యంత్రములను యూనిసెఫ్ సంస్థ మన దేశమునకు తెప్పించినది. పిదప దాని తోడ్పాటుతోనే ఇండియా మార్క్-2 చేతిపంపు రూపొందినది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ మంచినీటి పథకములకు నెదర్లాండ్స్ ప్రభుత్వము ధనమిచ్చినది. దిగుడుబావుల వలన వ్యాపించు నారికురుపు, సురక్షితమైన నీరు అందుటతో తగ్గినది. 2000లో భారతదేశమున ఆ వ్యాధి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. ఈ మేలును మేము తక్కువ చేయము.

అయితే మన నేల అడుగున ఉన్నది గ్రానైటు. ఆ రాతి సందులలో నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగియుండును. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము వెలువడినది. అనగా ఆ యంత్రములు రాకముందే వైద్యులకు సంగతి తెలియును. వైద్యుడు ఎరిగినది బోరు వేయువానికి చేరు త్రోవ యేది? యంత్రము ఒక శాఖది, నీటి పరీక్ష వేరొక శాఖది, రోగి మూడవ శాఖవాడు. దాత లెక్కించునది పంపుల సంఖ్య. "నీరు పడినదా?" అను ప్రశ్నకు ఆ పూటనే జవాబు దొరకును. "ఎట్టి నీరు పడినది?" అను దానికి, పిల్లల పండ్లు గారపట్టి, పెద్దల నడుములు వంగిన పిమ్మట ఊరే జవాబు చెప్పవలసి వచ్చెను. వంగిన యెముకను నిలుపు మందు లేదు. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరినకొలది దాని పాలు పెరుగును.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని 1970వ దశాబ్దమున రూపొందించి, దానికి మన జిల్లా పేరే పెట్టిరి. "నల్లగొండ పద్ధతి" ఆఫ్రికాలోని టాంజానియా వరకు పోయినది. కాని పటిక ఎంత వేయవలెనో నీటిని పరీక్షించిననే తెలియును. నిత్యము కలుపువాడు కావలెను. అడుగున దిగిన మడ్డిని పారవేయుటకు చోటు కావలెను. ఇవి కొరవడిన చోట తొట్టి కట్టినను ప్రయోజనము లేదు.

నేడు మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణా నీరు వచ్చుచున్నది. అయినను గొట్టము పగిలిననాడు జనులు మరల బోరింగు కడకే పోవుదురు. కావున ప్రతి బోరింగు నీటిని పరీక్షింపించి, అంకెను తేదీతో పంచాయతీ పుస్తకమున వ్రాయించుడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ పంపుపై "త్రాగరాదు" అని పెద్ద అక్షరములతో వ్రాయించుడు. రేపు ఏ సంస్థయైనను వడపోత యంత్రము నిచ్చెదమని వచ్చినచో, దానిలోని మందును మార్చు ఖర్చు ఎవరిదో ముందుగా అడుగుడు. ఆ పుస్తకమును వారి చేతికిచ్చి, ఏ వాడకు అవసరమో వారికి చూపుడు.