కుండపోత వాన, కోతిపిల్ల



వాన దంచి కొడుతుంటే మనం కుండపోత అంటాం. పోర్చుగీసువాళ్లు కూడా అచ్చం అలాగే, కుండలతో కురుస్తోందంటారు. 1855లో పారిస్‌లో అచ్చయిన ఒక పుస్తకం ఆ నానుడిని జాడీలతో సహా ఇంగ్లీషులోకి దింపేసింది. ఇంగ్లీషువాడికి అదేం వానో బోధపడలేదు.

పోర్చుగీసు కుర్రాళ్లకు ఇంగ్లీషు సంభాషణ నేర్పడానికి పెద్రో కరోలినో తయారుచేసిన గైడు అది. దర్జీతో ఏం మాట్లాడాలి, మంగలితో ఏం మాట్లాడాలి, ఉత్తరం ఎలా రాయాలి, అన్నీ ఉన్నాయి. ముందుమాట మహా మర్యాదగా సాగుతుంది. అచ్చుతప్పులు రాకుండా శ్రద్ధ తీసుకున్నామనీ, ముఖ్యంగా యువతకు అంకితమిస్తున్నామనీ చెబుతుంది. ఆ చెప్పడమే తప్పుల ఇంగ్లీషులో!

ఇంతకీ ఏం జరిగింది? జుజే ద ఫొన్సేకా అనే పండితుడు అంతకు ముందే పోర్చుగీసు, ఫ్రెంచి సంభాషణల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు సరిగా రాని కరోలినో ఆ పుస్తకాన్ని ముందేసుకుని, ఫ్రెంచి–ఇంగ్లీషు నిఘంటువు చూస్తూ మాటకు మాట పేర్చుకుపోయాడని పరిశోధకులు అంటారు. మధ్యలో ఫ్రెంచి ఉందనడానికి ఒక్క ఉదాహరణ చాలు. గంటల తరబడి పడిగాపులు కాయడాన్ని పోర్చుగీసులో తిన్నగానే చెప్పారు. ఫ్రెంచిలో దానికో పాత జాతీయం ఉంది. అందులోని ‘మార్మో’ అనే మాటకు అప్పట్లో తలుపుకు బిగించే వికారపు బొమ్మ అని అర్థం చెబుతారు. తలుపు తట్టి నిలబడి ఉండటమన్నమాట. కరోలినో దగ్గరికి వచ్చేసరికి ఆ బొమ్మ చిన్న జాతి కోతి అయింది, తట్టడం కాస్తా కొరకడమైంది. పాపం, ఆ గైడు నమ్ముకున్న కుర్రాడు లండన్‌లో ఎవరింటి ముందైనా ఆ మాట అని ఉంటే!

1883లో దీన్ని కుదించి లండన్‌లో హాస్యగ్రంథంగా వేశారు. అదే ఏడు అమెరికా ముద్రణకు మార్క్ ట్వేన్ ముందుమాట రాశాడు. కావాలని రాస్తే ఇంత హాస్యం పుట్టదని ఆయన భావం. నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ నా మనసు ఫొన్సేకా మీదే ఉంది. ఆయనకు చెప్పకుండానే కరోలినో ఆయన్ను సహరచయితను చేశాడని చాలామంది అనుమానం. ఆయన సొంతంగా రాసిన మంచి పుస్తకం ఇప్పుడెవరికీ పట్టదు. ఈ పుస్తకం అట్ట మీద మాత్రం ఆయన పేరు ఇంకా అచ్చవుతూనే ఉంది.