చలికాలంలో చెట్టుపని
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక నేను చెట్ల సంరక్షణ పని పెట్టుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. "పెన్షన్ వస్తుండగా ఈ వయసులో కొమ్మల వెంట పడటమెందుకయ్యా?" అని అడిగిన మిత్రులూ ఉన్నారు. చెట్టెక్కేది నేను కాదు, మోకు వేసి ఎక్కడం వచ్చిన నలుగురు కుర్రవాళ్ళు. వారికి పన్నెండు నెలలూ పని చూపించడమే నా పని.

మన బోధన్‌లో చలికాలమంటే ఒకప్పుడు ఊపిరి సలపని కాలం. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో క్రషింగ్ సీజన్ నడిచేది, చెరుకు బండ్లు బారులు తీరేవి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ నెలలే ఖాళీ నెలలయ్యాయి. చెట్టుపనిదీ అదే తీరు. ఈదురుగాలుల భయంతో ఏప్రిల్, మే నెలల్లో, మామిడి కోతలయ్యాక జూన్, జూలైలలో పిలుస్తారు. దీపావళి దాటితే పిలిచేవారుండరు. అప్పుడు కుర్రవాళ్ళు హైదరాబాదు బస్సెక్కుతారు. వెళ్ళినవాడు వేసవికి తిరిగొస్తాడన్న నమ్మకం లేదు.

అయితే చలికాలంలో చెట్టుకు పని లేదా? ఉంది. అడగడం మనకు తెలియాలి. మామిడి పూతకొచ్చే కాలమది కనుక పచ్చికొమ్మ కొట్టరాదు. కాని పూమొగ్గల మీద తేనెమంచు పురుగును కనిపెట్టి చూడాలి. ఎండుపుల్లలు తీయాలి. బదనిక పట్టిన కొమ్మను బదనిక కిందికంటా కోసి, కోతకు బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. ఇనుప పాత్రలో మాత్రం కలపవద్దు. పాదులు సరిచేయడం, చెదలు చూడటం, రాలిన ఆకును గుంటలో వేసి ఎరువు చేయడం కూడా ఈ నెలల పనులే.

ఈ పని డిసెంబరులో అడిగితే దొరకదు, దసరాకు ముందే అడగాలి. వేసవిలో పిలిచిన ప్రతి ఇంటి చెట్లూ నా రిజిస్టరులో ఉంటాయి. ఏ చెట్టుకు ఏ నెలలో ఏం చేయాలో రాసి ఇంటివారికి ఒక కాగితమిస్తాను. బడులు, గుడులు, ఫంక్షన్ హాళ్ళతో ఏడాది ఒప్పందం చేసుకుంటాను. ఏడాదికి నాలుగుసార్లు పని, డబ్బు మాత్రం నెలనెలా సమానంగా. అందువల్ల ఖాళీ నెలలోనూ జీతం పంచగలుగుతున్నాను. ఒక సంస్థ ఎనిమిది నెలలు బిల్లు ఆపినప్పటి నుంచి కొత్తవారి దగ్గర సగం ముందే తీసుకుంటున్నాను.

కరపత్రాలకన్నా నమ్మకమే ఎక్కువ పని తెచ్చింది. పెద్దకొమ్మకు ముందు కింది నుంచి గాటు పెట్టి, తరువాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కొట్టిన కొమ్మలు మేమే ఎత్తుకెళ్ళి, వాకిలి ఊడ్చి వస్తాము. తీగల దగ్గర కరెంటువారు లైన్ క్లియర్ ఇవ్వనిదే కుర్రవాణ్ణి ఎక్కించను.

ఈమధ్య సంవత్సరాలలో వేపచెట్ల చివుళ్ళు ఎండిపోతుంటే, చెట్టు చచ్చిందని కొట్టేయమన్నవారున్నారు. కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, అదీగాక చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి, ఆగండి అన్నాను. ఆరోజు కూలి పోయింది. కాని ఆగినవారే తరువాత ఏడాది ఒప్పందానికి వచ్చారు.

పోయిన చలికాలం నలుగురిలో ముగ్గురు ఊళ్ళోనే ఉన్నారు. నాలుగోవాడు వెళ్ళిపోయాడు. ముగ్గురికి సరిపడా పనే దొరికింది మరి.

మిత్రులారా, లెక్క రాయడం, సమయానికి ఉత్తరం పంపడం, మాట మీద నిలబడటం మనం జీవితమంతా చేసిన పనులే. చెట్టెక్కగలవాడికి తరచుగా లేనిది అదే. మీ వీధిలో అలాంటి పనివాడు ఎవరైనా ఉంటే, వాడి పక్కన కూర్చుని ఒక రిజిస్టరు తెరవండి. దసరా లోపలే తెరవండి.